క్రొత్త సి.డి. యంత్రము నిజముగా కుదురుకొనునా?

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూర్ కొండరాళ్ళ నడుమ, సైబర్ టవర్స్ అను గుండ్రని భవనము 1998 నవంబరులో ప్రారంభమైనది. అది మొదలు హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములలో ఎన్నియో బహుళ అంతస్తుల ఇండ్లు లేచినవి. అట్టి ఇంటిలో మా మేనల్లుడు ఈ మధ్యనే కాపురము పెట్టెను. అతని వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట. వ్యసనము సంగీతము వినుట. చేతిలోని ఫోనులో కోరిన పాట క్షణములో వినవచ్చు ఈ రోజులలో, తండ్రి కూడబెట్టిన మూడువందల సి.డి.లను పారవేయుటకు మనసొప్పక, వానికొరకే ఒక క్రొత్త సి.డి. యంత్రమును కొనెను. అంగడివాడు డబ్బు పుచ్చుకొని ఒక హితవు చెప్పెనట: “సార్, మొదటి రెండు వందల గంటలు దీన్ని అంచనా వెయ్యొద్దు. ఆడుతూ ఆడుతూ అదే కుదురుకుంటుంది. అప్పుడు వినండి మజా.”

మేనల్లుడు ఆ మాటను మంత్రోపదేశమువలె స్వీకరించెను. ధ్వని తగ్గించి, రాత్రింబవళ్ళు యంత్రమును ఆడించెను. 200 గంటలనగా ఎడతెగకుండ 8 దినముల 8 గంటలు. ఆ గడువు తీరిన మరునాడు నాకు ఫోను చేసి, “మామయ్యా, మీరు వచ్చి వినాలి. మొదటిరోజు గీ పెట్టినట్టుండేది. ఇప్పుడు గొంతు విప్పింది,” అనెను. నేను వెళ్ళి వింటిని. అతడు చెప్పినది అబద్ధము కాదు. మొదటి దినమున, గృహప్రవేశమునాడు, నేను విన్న మోటుదనము ఇప్పుడు లేదు. గాయకుని గొంతు స్పష్టముగా, తంబురా నాదము దానివెనుక మెత్తగా వినవచ్చుచున్నది.

మార్పు నిజము. మరి మారినది ఏది? ఈ ప్రశ్న భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకును, చదువు విద్యార్థులకును ఉపయోగపడునని తోచి, మేమిద్దరము ఒక ఆదివారమంతయు దానిపై చేసిన విచారణను ఇచట వ్రాయుచున్నాను.

మొదట ఒక మాట. అంగడివాని నమ్మకము పూర్తిగా గాలిలో పుట్టినది కాదు. క్రొత్త చెప్పు కరచును, పది దినములకు పాదమునకు ఒదుగును. క్రొత్తగా మూసిన మృదంగము కొంతకాలము వాయించినగాని శ్రుతిలో నిలువదు. ధ్వనిపెట్టెలలో, అనగా స్పీకర్లలో, కాగితపు శంకువును పట్టియుంచు బట్ట వలయము, అంచునందలి రబ్బరు మొదట కొంచెము బిగువుగానుండి, ఆడినకొలది సడలుట నిజమే. అందువలన ఆ శంకువుయొక్క సహజ పౌనఃపున్యము కొద్దిగా తగ్గుననియు కొలిచి చూపవచ్చును. కాని ఈ మార్పులో పెద్దభాగము మొదటి కొద్ది గంటలలోనే ముగియును. అదియునుగాక మా మేనల్లుని స్పీకర్లు, యాంప్లిఫయరు తండ్రిగారి ఇంటినుండి తెచ్చిన పాతవి. అవి ఎన్నడో కుదురుకొన్నవి. క్రొత్తది సి.డి. యంత్రము ఒక్కటే.

ఎలక్ట్రానిక్ పరిశ్రమలోను ఇటువంటి ఆచారమొకటి కలదు. మన నగరమునకు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ హైటెక్ సిటీతో వచ్చినది కాదు. అణుశక్తి శాఖ ఆధ్వర్యమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఇచట నెలకొల్పబడినది. అయ్యగారి సాంబశివరావు గారు దానిని తీర్చిదిద్దిన పెద్ద. అట్టి పరిశ్రమలలో పనిచేసినవారిని అడిగినచో, క్రొత్త పరికరములను కొన్ని గంటలపాటు, ఒక్కొక్కప్పుడు హెచ్చు ఉష్ణోగ్రతలో ఆడించి పరీక్షించు పద్ధతిని వివరింతురు. దాని ఉద్దేశము వేరు. ఏ పరికరములలోనైనను లోపముతో పుట్టినవి తొలి గంటలలోనే చెడును. మిగిలినవి చాలకాలము నిలుచును. చివర ముసలితనమున మరల చెడుట హెచ్చును. ఈ మూడు దశలకు గీత గీచినచో స్నానపు తొట్టి ఆకారము వచ్చును. కార్ఖానాలో ఆడించుట లోపమున్నవానిని ఏరివేయుటకే, మంచివానిని మరింత మంచివిగా చేయుటకు కాదు. అంగడివాడు ఈ ఏరివేతను పెంపకముగా భ్రమించెనేమో!

ఇక యంత్రములోపలికి పోదము.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో సి.డి. ప్రమాణమును నిర్ణయించినవి, 1982 అక్టోబరులో జపానులో మొదటి యంత్రము అమ్మకమునకు వచ్చినది. 120 మిల్లీమీటర్ల వ్యాసముగల ఆ పళ్ళెములో మైక్రోమీటరు వెడల్పైనను లేని గుంటలు ఒకే సర్పిలాకారపు దారిలో, లోపలినుండి వెలుపలికి, వరుసగా నుండును. దారిని సాగదీసినచో 5 కిలోమీటర్లకు పైబడును. ఒక చుట్టునకును ప్రక్క చుట్టునకును నడుమ దూరము 1.6 మైక్రోమీటర్లు. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల, కంటికి కనబడని లేజరు కిరణము ఈ గుంటలను చదువును. లోపలి చుట్లలో నిమిషమునకు 500 సార్లు తిరుగు పళ్ళెము వెలుపలి అంచునకు వచ్చునప్పటికి 200 సార్లు మాత్రమే తిరుగును. దారిపై కిరణపు వేగము మాత్రము మారదు. కోణీయ వేగమునకు, రేఖీయ వేగమునకు భేదము చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ తరగతిలో దొరకదు.

ఈ గుంటలలో దాగినది ధ్వని కాదు, సంఖ్యలు. ధ్వనితరంగపు ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 ద్విసంఖ్యాస్థానములలో వ్రాసి యుంచిరి. 16 స్థానములతో 65,536 మెట్లు వ్రాయవచ్చును. కుడి ఎడమల రెండు దారులకును కలిపి సెకనుకు 14,11,200 ద్విసంఖ్యలు. మనిషి చెవి 20,000 కంపనములకు మించి వినలేదు. ఒక తరంగమును పట్టుటకు దాని పౌనఃపున్యమునకు రెట్టింపుకంటె హెచ్చుసార్లు కొలిచిన చాలును. కనుకనే ఆ 44,100.

చూచితిరా, ఇచ్చట కుదురుకొనుటకు ఏమున్నది? సంఖ్య 7 అయినచో క్రొత్త యంత్రము 7 అనియే చదువవలెను. 200 గంటలాడిన యంత్రమును 7 అనియే చదువవలెను. మెత్తని 7, మోటు 7 అని రెండు లేవు. దుమ్మువలననో గీతవలననో కొన్ని గుంటలు కనబడకపోయినచో వానిని పునరుద్ధరించు ఉపాయము కూడ కలదు. మార్కుల పట్టికలో ఒక విద్యార్థి గణితపు మార్కు చెరిగిపోయినది. మొత్తము మార్కులు, తక్కిన విషయముల మార్కులు ఉన్నవి. తీసివేతతో చెరిగిన మార్కు మరల వచ్చును గదా. ఈ సామాన్యమైన ఆలోచననే గొప్ప బీజగణితముగా పెంచి 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలొమన్ అను ఇద్దరు ఒక సంకేతపద్ధతిని ప్రకటించిరి. సి.డి.లో ఉన్నది దాని సంతతియే. దారి పొడవునా రెండు మిల్లీమీటర్ల మేర చెడినను సంఖ్యలు తు.చ. తప్పకుండ తిరిగి వచ్చును. అంతకు మించి చెడినప్పుడు యంత్రము ఇరుగుపొరుగు సంఖ్యలను చూచి ఊహించును. అదియు కుదరనిచో క్షణకాలము మౌనము వహించును. ఈ లోపములు టక్కుమని, లేదా తెగిపోవుటగా వినబడునే కాని, గొంతు మెత్తబడుటగా ఎన్నటికిని వినబడవు.

మా మేనల్లుడు తన వృత్తికి తగినట్లు ఈ విషయమును మాటతో విడువలేదు. యంత్రము వెనుక సంఖ్యలను యథాతథముగా బయటికి పంపు రంధ్రమొకటి ఉన్నది. మొదటి దినముననే కుతూహలముకొలది అతడు ఒక పాటను అచ్చటినుండి కంప్యూటరులోనికి ఎక్కించి యుంచెను. 200 గంటల తరువాత అదే పాటను మరల ఎక్కించి, రెండింటిని ఒకదానిపై ఒకటి పేర్చి తీసివేయించెను. శేషము సున్న. మొదటినుండి చివరివరకు సున్నలే.

“అయితే సంఖ్యలను తరంగంగా మార్చే భాగం మారి ఉంటుంది,” అనెను. ఇది న్యాయమైన ఆక్షేపణ. ఆ భాగములో ట్రాన్సిస్టర్లు, నిరోధకములు, కెపాసిటర్లు ఉన్నవి. అల్యూమినియము కెపాసిటర్లు చాలకాలము వాడకయుంచినచో లోపలి ఆక్సైడు పొర పలుచబడును. విద్యుత్తు తగిలినప్పుడు మరల ఏర్పడును. యంత్రము వేడెక్కుటకు అరగంట పట్టవచ్చును. ఇది ప్రతి దినమును జరుగునదే, 200 గంటల వ్రతము కాదు. కాలమును కొలుచు స్ఫటికపు పౌనఃపున్యము కాలక్రమమున పది లక్షలకు పది పాళ్ళు జరిగినదనుకొందము. గంటసేపు పాడు సి.డి. 0.036 సెకను ముందుగానో వెనుకగానో ముగియును. శ్రుతిలో కలుగు మార్పు చెవి గుర్తింపగల కనిష్ఠ భేదములో వందవ వంతైనను ఉండదు. ఇక లేజరు సంగతి. అది మాత్రము గంటలతోపాటు నిశ్చయముగా మారును, కాని క్షీణించుచు. దాని ఆయువు కొన్ని వేల గంటలు. ఎవ్వరును వినని రాత్రులలో ఆడించి అందులో 200 గంటలు ఖర్చుపెట్టుట పొయ్యిపై వట్టి గిన్నె పెట్టి గ్యాసు కాల్చుటయే.

యంత్రమును ఇట్లు విడిచిపెట్టిన పిమ్మట నాకు గది కనబడెను.

గృహప్రవేశమునాడు ఆ హాలులో ఏమున్నది? నున్నని పింగాణీ పలకల నేల, గచ్చుగోడలు, ఒక ప్రక్క అద్దపు తలుపులు, నాలుగు ప్లాస్టికు కుర్చీలు. సంక్రాంతికి వెల్లవేయుటకు సామానంతయు బయటపెట్టిన గదిలో మాటాడినవారికి తెలియును, అట్టిచోట మన గొంతే మనకు పరాయిదిగా వినబడును. తరువాతి వారములో కాకినాడనుండి సామాను లారీలో వచ్చెను. సోఫా, దూది పరుపు, మందపు తెరలు, తివాచీ, రెండు బీరువాల పుస్తకములు. యంత్రము 200 గంటలు ఆడుచుండగనే ఇల్లు నిండినది. అంగడివాని లెక్కలో ఇల్లు లేదు.

దీనికి శాస్త్రము 1895లోనే పుట్టినది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట అర్థము కాకుండెను. పలికిన పదము అయిదు సెకనులకు పైగా మ్రోగుచునే యుండెను. దానిని బాగుచేయుమని వాలెస్ సాబిన్ అను యువ అధ్యాపకునికి అప్పగించిరి. అతడు రాత్రివేళ, ఊరు సద్దుమణిగిన తరువాత, సమీపపు నాటకశాలనుండి ఆసనముల దిండ్లు మోయించుకొని వచ్చి పరచి, ఆర్గను గొట్టము ఊదించి, నాదము అణగుటకు పట్టు కాలమును కొలిచెను. తెల్లవారులోగా దిండ్లన్నియు తిరిగి యథాస్థానమునకు చేర్చవలెను! ఆ దిండ్లనుండి వచ్చిన సూత్రము నేటికిని వాడుకలో నున్నది: ప్రతిధ్వనించు కాలము సెకనులలో, గది ఘనపరిమాణమును 0.161 చేత గుణించి, గదిలోని మొత్తము శోషణముచేత భాగించిన వచ్చును. ఆ కాలములో ధ్వని 60 డెసిబెళ్ళు తగ్గును.

మేనల్లుని హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఘనపరిమాణము 60. నేల, కప్పు, గోడలు కలిసి 94 చదరపు మీటర్లు. వట్టి గచ్చు, పలకలు, అద్దములు తమపై పడిన ధ్వనిలో నూటికి అయిదు పాళ్ళు మ్రింగునని ఉదారముగా లెక్కించినను శోషణము 4.7. అనగా 9.66 ను 4.7 చే భాగింపగా సుమారు 2 సెకనులు. ఒక పదము పలికినంతనే తరువాతి నాలుగైదు పదములపై దాని నీడ పడుచుండునన్నమాట. సోఫా, తెరలు, తివాచీ, పరుపు, మనుష్యులు కలిసి మరి 12 చేర్చినచో శోషణము 16.7, కాలము 0.6 సెకనునకు లోపల. మూడింట ఒక వంతుకు తగ్గినది. గాయకుని గొంతు “విప్పినది” ఇందువలననే.

లెక్క సరియే, అయినను చూడనిదే విడువరాదు. అతని భార్య ముందు గునిసినను తరువాత తానే ముందుండి సాయపడెను. తెరలు విప్పి, తివాచీ చుట్టి, పరుపుతో సోఫాతో సహా ప్రక్కగదిలోనికి చేర్చితిమి. అదే యంత్రము, అదే పాట. మీటను తాకలేదు. గృహప్రవేశమునాటి గీ మను మోటుదనము తిరిగి వచ్చి హాలులో నిలిచెను. 200 గంటల అనుభవము ఆ యంత్రమును రక్షింపలేదు. సామాను మరల లోనికి చేర్చగానే గొంతు మరల మెత్తబడెను. ఉపాధ్యాయులు దీనిని ఖాళీ తరగతిలో ఒక చప్పటతో మొదలుపెట్టి, పిల్లలు నిండిన తరగతిలో మరొక చప్పటతో ముగింపవచ్చును; యంత్రమే అక్కరలేదు.

మేనల్లుడు ప్రోగ్రాములు వ్రాయువాడు గనుక సులభముగా ఓడిపోడు. “నూటికి తొంభై గదిదే కావచ్చు. మిగిలిన పది యంత్రానిది కాదని ఎలా చెప్తారు?” అనెను. చెవి సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చునన్నదే ఇక్కడి చిక్కు. వారము క్రిందటి ధ్వనిని ఎవ్వరును తలలో దాచుకొని ఉండరు. దానిని గూర్చిన అభిప్రాయమును మాత్రమే దాచుకొందురు. ఒక డెసిబెలు హెచ్చుగా ఆడినదానిని చెవి బిగ్గరగానున్నదని అనదు, బాగున్నదని అనును. పైగా డబ్బు పెట్టినది, ఎనిమిది దినములు వేచినది తానేయైనప్పుడు చెవి యజమాని పక్షమునే తీర్పు చెప్పును.

పరీక్షించు విధానము ఒకటి కలదు. ఒకే రకపు యంత్రములు రెండు, ఒకటి ఆడినది, ఒకటి పెట్టె విప్పనిది, కావలెను. వోల్టుమీటరుతో రెండింటి ధ్వనిని సమము చేసి, తెరచాటున ఒకరు నాణెమెగురవేసి ఏది వచ్చినచో దానిని ఆడింపవలెను. వినువాడు ఏది పాతదో చెప్పవలెను. ఇట్లు 16 సార్లు. ఊరక ఊహించువాడు ఎన్ని సరిగా చెప్పును? 16 నాణెములు పడు విధములు 65,536. సి.డి.లోని మెట్ల సంఖ్యయే మరల వచ్చినది. ఇది వింతయేమియు కాదు, రెండును 2 యొక్క 16వ ఘాతమే. వానిలో 12 గాని అంతకు మించి గాని సరిపడునవి 2,517. అనగా నూటికి నాలుగుకంటె తక్కువ. కావున 12 సరిగా చెప్పినవాని మాటను ఆలకింపవచ్చును; 9 చెప్పినవానిని అభినందించి కాఫీ ఇచ్చి పంపవచ్చును. మాకు ఆనాడు రెండవ యంత్రము లేదు గనుక ఈ పదిపాళ్ళ వాదము అచ్చటనే నిలిచియున్నది. అట్టి పరీక్ష చేయుదునని అతడు అనుచున్నాడు. చేయకున్నను వాదించుట మానడు.

ఈ వివాదమును వినోదముగా విడిచిపెట్టుటకు వీలులేని సంగతి ఒకటి నాకు సాయంకాలముగాని తెలియలేదు. ఆ యంత్రము రెండవ దినమునుండియే అప్పుడప్పుడు పళ్ళెమును గుర్తింపక, “సి.డి. లేదు” అని చూపుచుండెను. అంగడికి ఫోను చేయగా “గంటలు పూర్తికానివ్వండి, సర్దుకుంటుంది” అని సమాధానము. రసీదు వెనుక చూచితిని. లోపమున్నచో 7 దినములలోపల క్రొత్త యంత్రమును మార్చి ఇత్తుమని అచ్చువేసి యున్నది. 7 దినములనగా 168 గంటలు. కుదురుకొనుటకు 200! రాత్రింబవళ్ళు ఆడించినను గడువు 32 గంటల ముందే దాటిపోవును. దినమునకు మూడు గంటలు వినువానికైతే రెండు నెలలు పైబడును. అంగడివాడు కావలెనని పన్నిన పన్నాగమని నేననను. అతడును నమ్మియే చెప్పియుండవచ్చును. కాని సంఖ్యలు చదువలేని యంత్రము చెడిన యంత్రము, పచ్చి యంత్రము కాదు. మొదటి గంటలోనే దానిని తిరిగి అంగడికి మోయవలసినది. ఇప్పుడది పూచీ క్రింద బాగుచేయుటకు పోయి మూడు వారములకు తిరిగి రావలసి యున్నది.

పంపుటకు ముందు కడసారి ఒక పాట విందమనిరి. నేను 1957 నాటి మాయాబజారు పాటల సి.డి.ని ఎన్నుకొంటిని. కారణము భక్తి మాత్రమే కాదు. ఆ కాలపు చిత్రగీతములు ఒకే దారిలో ముద్రింపబడినవి. కుడి ఎడమల రెండు స్పీకర్లకును ఒకే సంఖ్యలు పోవును. అందుచేత రెండింటికిని సమదూరమున కూర్చున్నవానికి గొంతు సరిగా నడుమనుండి రావలెను. ఒక స్పీకరు తీగలు తారుమారైనచో గొంతు గదియంతయు చెదరి, మంద్రధ్వనులు పలుచబడును. ఈ పరీక్షకు పట్టునది ఒక్క నిమిషము. ఘంటసాల గొంతు ఎడమకు ఒరిగి వినవచ్చెను. తీగలు చూచితిమి, సరిగానే యున్నవి. ఎడమ పెట్టె మాత్రము గోడమూలకు నెట్టియున్నది. మూలలోని రెండు గోడలును దాని ధ్వనిని ముందుకు త్రోయుచున్నవి. మేనల్లుడు లేచి దానిని రెండు మూరలు ఇవతలకు లాగి, వచ్చి తన చోట కూర్చుండెను. గొంతు నడిమికి వచ్చెను.